చిలుకను తెచ్చుకునే ముందు

పిల్లలున్న ఇంట ఏదో ఒకనాడు చిలుక ప్రసక్తి రాక తప్పదు. ఎర్రటి ముక్కూ, పచ్చని రెక్కలూ చూసి ముచ్చట పడనివారెవరు? పైగా అది మాట్లాడుతుందాయె! పిల్లలు మారాం చేస్తే తల్లి, “సరేలే, చూద్దాం” అంటుంది. ఆ చూడవలసిన సంగతులేవో కొనకముందే చూడడం మంచిదని నా మనవి.

భద్రాచల రామదాసు గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్ళు మగ్గడానికి కారణం, పూర్వజన్మలో చిలుకను పంజరంలో పెట్టడమేనని మన పెద్దలు కథ చెబుతారు. కథ మాట ఎలా వున్నా, ఇప్పుడు పూర్వజన్మ దాకా పోనక్కర లేదు. శిక్ష ఈ జన్మలోనే వున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలుకను పట్టడమూ, అమ్మడమూ, కొనడమూ, పంజరంలో పెట్టి పెంచడమూ నేరమే. మూడేళ్ళ దాకా జైలు, 2022లో చట్టాన్ని సవరించిన తరువాత లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూను. “మా తాతగారి రోజుల్లో ప్రతి వసారాలోనూ వుండేది కదండీ” అంటే అధికారి ఒప్పుకోడు.

నాకు ఈ చట్టం న్యాయమనే తోస్తుంది. ఎందుచేతనంటే, రామచిలుక చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. వేటగాడు ఆ తొర్రలో చెయ్యిపెట్టి, ఇంకా ఈకలైనా సరిగా రాని కూనలను లాక్కుపోతాడు. ఇరుకు బుట్టల్లో కుక్కిన వాటిలో కొన్ని దారిలోనే ప్రాణాలు విడుస్తాయి. మిగిలినవాటి రెక్కలు కత్తిరించి సంతలో పెడతారు. మనం ముచ్చటపడి కొనే ఒక్క చిలుక వెనుక ఇంత కథ వుంది.

మరి దుకాణాల్లో బాహాటంగా అమ్మేవి? అవి విదేశీ జాతులు. మనవాళ్ళు ‘లవ్ బర్డ్స్’ అని తెచ్చుకునేవి చాలావరకు అసలు లవ్ బర్డ్స్ కావు. ఆస్ట్రేలియా మైదానాల్లో గుంపులుగా తిరిగే బడ్జీలు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. తలపై కిరీటంవంటి కుచ్చు గల కాక్టీల్ కూడా ఆస్ట్రేలియాదే. బడ్జీలకూ, కాక్టీల్‌కూ ప్రభుత్వ నమోదుతో పని లేదు. కాని ఆఫ్రికా బూడిదచిలుక, మకావ్ వంటివి అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలో వున్నాయి. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం వాటిని ప్రభుత్వం వారి ‘పరివేష్’ పోర్టల్‌లో నమోదు చేయించాలి. అమ్మేవాడు కాగితాలు చూపలేకపోతే పక్షి ఎంత చవకైనా వద్దనండి.

తరువాతిది ఆయుర్దాయం. బడ్జీ ఐదు నుంచి పదేళ్ళు బతుకుతుంది. కాక్టీల్ పదిహేను, ఇరవై ఏళ్ళు. బూడిదచిలుక నలభై నుంచి అరవై! ఎనిమిదేళ్ళ పిల్లవాడి కోసం కొన్న కాక్టీల్, వాడు ఉద్యోగానికి ఏ బెంగుళూరో, అమెరికాయో వెళ్ళాక కూడా మీ ఇంట్లోనే వుంటుంది. అప్పుడు దాని సంగతి ఎవరు చూస్తారో ఇప్పుడే అనుకోవాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యం, తోడు. చిలుక గుంపులో బతికే ప్రాణి. అది మన మాట నేర్చుకునేది పాండిత్య ప్రదర్శనకు కాదు. మనలను తన గుంపుగా ఎంచి, మన భాషలో పలకరించడానికి. అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞురాలు 1977లో కొన్న ‘అలెక్స్’ అనే బూడిదచిలుక, 2007లో చనిపోయేలోగా సుమారు వంద మాటలు నేర్చి, రంగులూ ఆకారాలూ గుర్తుపట్టి చెప్పేది. అంతటి బుద్ధిగల ప్రాణిని పొద్దున్నించి సాయంత్రం దాకా ఒంటరిగా వదిలితే ఏమవుతుంది? మా పక్కవాటా వారి కాక్టీల్, యజమానురాలు కూతురి పురిటికని మూడు నెలలు వెళ్ళేసరికి, రొమ్ముమీది ఈకలన్నీ తనే పీకేసుకుంది. గింజలకూ నీళ్ళకూ లోటు లేదు. పలకరించేవారే లేరు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇల్లయితే ఈ సంగతి రెండుమార్లు ఆలోచించండి.

తిండి కష్టమేమీ కాదు. కొర్రలు, సజ్జలు, మొలకెత్తిన పెసలు, జామముక్క, క్యారెట్, ఆకుకూర పెట్టవచ్చు. పొద్దుతిరుగుడు గింజలు మాత్రమే పోస్తే కొవ్వు పట్టి జబ్బు చేస్తుంది. పచ్చిమిరపకాయ పెట్టినా భయం లేదు. ఆ మంట మనకే గాని పక్షులకు తెలియదు. కాఫీ, చాక్లెట్, అవకాడో, ఉప్పు వేసిన చిరుతిళ్ళు మాత్రం దగ్గరికి రానివ్వకండి. పంజరం అది రెండు రెక్కలూ పూర్తిగా చాపుకునేటంత వుండాలి. వంటింట్లో అసలే పెట్టకూడదు. నాన్‌స్టిక్ పెనం మితిమీరి కాగితే వచ్చే పొగ మనకు వాసనైనా తెలియకముందే పక్షి ప్రాణం తీస్తుంది. రాత్రి పది పన్నెండు గంటలు దానికి చీకటీ, నిశ్శబ్దమూ కావాలి, టి.వి. పక్కన అది నిద్రపోలేదు.

ఎండిన రెట్ట ధూళివల్ల మనుషులకు ఒక రకం న్యుమోనియా జ్వరం సోకవచ్చు. అందుచేత రోజూ శుభ్రం చెయ్యాలి, తరువాత చేతులు కడుక్కోవాలి. గర్భిణీలకూ, ముసలివారికీ ఆ పని అప్పగించవద్దు. పక్షులకు వైద్యం తెలిసిన డాక్టరు మీ ఊళ్ళో వున్నారేమో ముందే కనుక్కోండి. పశువుల డాక్టర్లందరూ పక్షులను చూడరు.

ఇప్పటికే ఇంట్లో రామచిలుక వుంటే, ఈ వ్యాసం చదివి ఇవాళే పంజరం తలుపు తీసెయ్యకండి. పంజరంలో పెరిగినదానికి ఆహారం వెతుక్కోవడం తెలియదు; పిల్లికో, కాకికో బలి అవుతుంది. అటవీశాఖ వారికి తెలియజేసి అప్పగించడమే దానికీ మీకూ క్షేమం.

చిలుకలంటే ప్రేమ వున్నవారికి మరో మార్గం వున్నది. పెరట్లో జామచెట్టు వుంటే కాయలన్నీ కొయ్యకుండా కొమ్మచివర నాలుగు వదలండి. తొర్ర వున్న ముసలి చెట్టును కొట్టించకండి. డాబామీద మట్టిమూకుడులో నీళ్ళు పెట్టండి. వాటంతట అవే వచ్చి, అరిచి, అల్లరిచేసి, సగం కొరికిన జామకాయ మీ నెత్తిన పడేసి పోతాయి. పిల్లలకు అంతకన్నా వినోదమేం కావాలి?