వేగం సరే, వేడి సంగతేమిటి?

1971 జూలైలో బెల్జియంలోని స్పా-ఫ్రాంకోర్షాంప్ ట్రాక్ మీద 24 గంటల రేసు జరిగింది. బరిలో దిగిన వాటిలో ఎర్ర రంగు మెర్సిడెస్ ఒకటి ఉంది. పేరు 300 ఎస్‌ఈఎల్. కంపెనీ ఛైర్మన్లూ, మంత్రులూ వెనక సీట్లో కూర్చుని తిరిగే పొడవాటి పెద్ద కారది. రేసు కోసమని లోపలి చెక్క పలకలు కూడా పీకేయలేదు. పక్కన పరిగెత్తేవి చూస్తే చిన్నా చితకా, తేలికపాటి కార్లు. దాని వాలకం చూసి జనం పెట్టిన ముద్దుపేరు ‘ఎర్ర పంది’. ఆ పంది తన తరగతిలో మొదటి స్థానం, మొత్తం మీద రెండో స్థానం కొట్టింది.

ఆ కారును అలా తయారుచేసింది మెర్సిడెస్ కంపెనీ కాదు. హాన్స్ వెర్నర్ ఔఫ్రెక్ట్, ఎర్హార్డ్ మెల్షర్ అనే ఇద్దరు ఇంజినీర్లు మెర్సిడెస్ కార్లు తయారుచేసే డైమ్లర్-బెంజ్‌లో ఉద్యోగం వదిలి, 1967లో ఒక పాత మిల్లులో వర్క్‌షాపు పెట్టుకున్నారు. ఇద్దరి పేర్లకీ, ఔఫ్రెక్ట్ పుట్టిన ఊరు గ్రోసాస్పాఖ్‌కీ మొదటి అక్షరాలు తీసి దానికి ఏఎంజీ అని పేరు పెట్టారు. వాళ్ల చేతికి వచ్చేసరికే ఆ కారు మామూలుది కాదు. మెర్సిడెస్‌లోనే ఎరిక్ వాక్సెన్‌బెర్గర్ అనే ఇంజినీరు, అంతకన్నా పెద్ద 600 మోడల్‌కి వాడే 6.3 లీటర్ల వీ-8 ఇంజిన్ని 300లో ఇరికించి చూశాడు. 1968లో అదే అమ్మకానికి వచ్చింది. దాని బలం 250 హార్స్‌పవర్. ఏఎంజీ వాళ్లు సిలిండర్లను తొలిచి 6.8 లీటర్లకు పెంచి, 428 హార్స్‌పవర్ రాబట్టారు.

విలాసవంతమైన కారుకు రేసు కారు బలం తొడిగే ఈ విద్య ఇప్పుడు పెద్ద వ్యాపారం. మెర్సిడెస్‌కి ఏఎంజీ, బీఎండబ్ల్యూకి ఎం, ఆడీకి ఆర్‌ఎస్ ఉన్నాయి. మామూలు సెడాన్‌కూ దాని ‘ఎం’ రూపానికీ ధరలో తేడా చూసినవాళ్లు అదంతా ఇంజిన్ ఖరీదే అనుకుంటారు. నిజానికి బలం పుట్టించడం వీటిలో తేలికైన పని. పుట్టిన బలాన్ని కారు చేత భరింపజేయడంలోనే ఇంజినీర్లకు నిద్ర పట్టదు.

బలం ఎలా పుడుతుందో ముందు చూద్దాం. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలు ఎంత కావాలంటే అంత చిమ్మవచ్చు, చిక్కంతా గాలితోనే. కాబట్టి బలం పెంచడమంటే సిలిండర్లోకి ఎక్కువ గాలి పంపడమే. సిలిండర్‌ను పెద్దది చేయవచ్చు, ఎర్ర పందికి చేసింది అదే. లేదా ఇంజిన్ని ఇంకా వేగంగా తిప్పవచ్చు. 2005లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5లో 5 లీటర్ల వీ-10 ఇంజిన్ నిమిషానికి 8,250 చుట్ల దాకా తిరిగి 507 హార్స్‌పవర్ ఇచ్చేది. నాలుగు తలుపుల కుటుంబ కారులో అలాంటి ఇంజిన్ పెట్టడం పిచ్చిపనే. ఎం5లో అలాంటి ఇంజిన్ మళ్లీ రాలేదన్నది నా బాధ. ఇంకో దారి, గాలిని కుదించి లోపలికి తొయ్యడం. 2002 నాటి ఈ55 ఏఎంజీలో ఆ పని సూపర్‌ఛార్జర్ చేసింది. అది ఇంజిన్ బెల్టుతోనే తిరుగుతుంది కాబట్టి, పుట్టిన బలంలో కొంత తానే తినేస్తుంది. టర్బోకు ఆ దోషం లేదు. సైలెన్సర్ గుండా వృథాగా పోయే పొగ ఊపుతోనే తిరుగుతుంది. కాకపోతే పొగ ఊపు అందుకునేదాకా ఆగాలి. యాక్సిలరేటర్ తొక్కిన వెంటనే కారు ఉరకకుండా ఒక్క క్షణం తటపటాయిస్తుంది.

ఆ తటపటాయింపు తగ్గించాలంటే పొగ ప్రయాణించే దూరం తగ్గాలి. వీ-8లో సిలిండర్లు రెండు వరుసలుగా, వీ ఆకారంలో ఉంటాయి. పాత పద్ధతిలో పొగ గొట్టాలు వీకి బయటి వైపున ఉండేవి, టర్బోలూ అక్కడే వేలాడేవి. బీఎండబ్ల్యూ 2008లో, ఏఎంజీ 2014లో దాన్ని తిరగేశాయి. పొగ బయటకొచ్చే దారిని వీ లోపలికి తిప్పి, రెండు టర్బోలనూ ఆ సందులో కూర్చోబెట్టాయి. దూరం తగ్గింది, ఇంజిన్ వెడల్పూ తగ్గింది. కానీ ఎర్రగా కాలే టర్బోలు ఇంజిన్ నడినెత్తిన చేరాయి. చుట్టూ వైర్లు, రబ్బరు గొట్టాలు, ప్లాస్టిక్ భాగాలు. కారు ఆపి తాళం తీశాక కూడా నీటి పంపు కాసేపు తిరుగుతూనే ఉంటుంది. లేకపోతే టర్బోలో నిలిచిపోయిన ఆయిలు మాడి గడ్డకడుతుంది.

వేడి బాధ అక్కడితో తీరదు. పెట్రోలులోని శక్తిలో సుమారు మూడో వంతే చక్రాలను తిప్పే పనికొస్తుంది. మిగతాది పొగలోకీ, రేడియేటర్‌లోకీ వేడిగా పోతుంది. 600 హార్స్‌పవర్ ఇంజిన్ పూర్తి బలంతో పనిచేస్తుంటే, చక్రాలకు చేరే దానికి రెండింతల వేడిని ఎటో ఒకవైపు తోలాలి. టర్బో కుదించిన గాలి కూడా కాగిపోతుంది. దాన్ని చల్లార్చకుండా సిలిండర్‌లోకి పంపితే పెట్రోలు తన వేళకు ముందే పేలి పిస్టన్లను గుల్ల చేస్తుంది. అందుకే ఇంజిన్ నీటికో రేడియేటర్, ఇంజిన్ ఆయిలుకో రేడియేటర్, గేరుబాక్సు ఆయిలుకో రేడియేటర్, టర్బో గాలి చల్లబరచడానికి మరొకటి. ఈ కార్ల ముందు బంపర్లో కనబడే పెద్ద పెద్ద నోళ్లు అలంకారానికి పెట్టినవని చాలామంది అనుకుంటారు. కొన్ని నిజంగా అలంకారమే, వెనక జాలీ తప్ప ఏమీ ఉండదు. కానీ ఎక్కువ వాటి వెనక ఏదో ఒక రేడియేటర్ గాలి కోసం ఎదురుచూస్తుంటుంది.

ఇక బ్రేకులు. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే ఉంది. 2024లో వచ్చిన కొత్త ఎం5 బరువు 2,435 కిలోలు. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దానిలో ఉండే గతిజ శక్తి సుమారు 38 లక్షల జౌళ్లు. 30 డిగ్రీల దగ్గరున్న 12, 13 లీటర్ల నీళ్లను మరుగు దాకా తేవడానికి అది సరిపోతుంది. గట్టిగా బ్రేకు తొక్కితే కారు ఆరు సెకన్లలోపే ఆగుతుంది. అంటే ఆ కొద్ది సెకన్లలో సగటున 650 కిలోవాట్ల చొప్పున శక్తిని వదిలించుకోవాలి. ఆ కారులో పెట్రోలు ఇంజిన్, ఎలక్ట్రిక్ మోటారు కలిసి ఇచ్చే గరిష్ఠ బలం 535 కిలోవాట్లు. కారులో అన్నిటికన్నా బలమైన యంత్రం బ్రేకే అన్నమాట! గాలి నిరోధం కొంత సాయపడుతుంది, హైబ్రిడ్ కాబట్టి మోటారు కొంత శక్తిని బ్యాటరీలోకి వెనక్కి తీసుకుంటుంది. ఎంత తీసుకున్నా, గట్టి బ్రేకింగ్‌లో ఎక్కువ భారం డిస్కుల మీదే పడుతుంది.

ఒక్కసారి ఆపితే ఏమీ కాదు. జర్మనీలో ఈ కార్లను పరీక్షించే న్యూర్‌బుర్గ్‌రింగ్ ఉత్తర ట్రాక్ 20.8 కిలోమీటర్ల పొడవు, పదుల కొద్దీ మలుపులు. ఒక మలుపు దగ్గర కాగిన డిస్కు చల్లారేలోగా మరో మలుపు వచ్చేస్తుంది. బ్రేకు ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే పెడల్ కిందికి దిగిపోతుంది, కారు మాత్రం ఆగదు. ఇనుప డిస్కుల బదులు కార్బన్ సెరామిక్ డిస్కులు వాడేది అందుకే. అవి ఎంత కాగినా పట్టు వదలవు, పైగా తేలిక. చక్రంతో పాటు ఎగిరిపడే బరువు తగ్గితే టైరు రోడ్డును వదలకుండా అంటిపెట్టుకుంటుంది. ధర మాత్రం గుండె పట్టుకునేలా ఉంటుంది. ఊళ్లో తిరిగే మనిషికి వాటితో పని లేదు.

ఈ బలానికీ, ఈ బ్రేకులకూ వెడల్పు టైర్లు కావాలి. అవి పట్టాలంటే కారు ఒంటి తీరే మారాలి. దీనికి మంచి ఉదాహరణ 1990 నాటి మెర్సిడెస్ 500ఈ. మామూలు ఈ-తరగతి కారులో 5 లీటర్ల వీ-8 పెట్టారు. దానికి తగినట్టు చక్రాల మీది రెక్కలు వెడల్పు చేశారు. తీరా చూస్తే ఆ బాడీ మెర్సిడెస్ సొంత ఉత్పత్తి లైనులో పట్టలేదు! దాంతో పోర్షేతో ఒప్పందం చేసుకున్నారు. కారు సగం ఒక ఊళ్లో, సగం మరో ఊళ్లో తయారై, జిండెల్‌ఫింగెన్‌కూ ట్సుఫెన్‌హౌజెన్‌కూ మధ్య లారీల మీద తిరిగింది.

బలం చక్రాలకు చేరితే చాలదు, రోడ్డుకు చేరాలి. మలుపులో లోపలి చక్రం మీద బరువు తేలిపోతుంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఒకే మెలితిప్పు బలం పంచుతుంది కాబట్టి, తేలిన చక్రం గిర్రున తిరిగి ఊరుకుంటుంది, బయటి చక్రానికి అందేదీ అంతే. అలా జరగకుండా రెంటినీ క్లచ్ ప్లేట్లతో బిగించే డిఫరెన్షియల్ వాడతారు. ఇప్పటివాటిలో ఆ బిగింపు ఎంతన్నది కంప్యూటర్ క్షణక్షణం నిర్ణయిస్తుంది. ఎం5 చరిత్రే దీనికి సాక్ష్యం. 2011 నాటి ఎం5కి 560 హార్స్‌పవర్, వెనక చక్రాలకే ఊపు. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 4.4 సెకన్లు. 2017లో వచ్చిన తర్వాతి తరంలో బలం పెరిగింది 40 హార్స్‌పవరే. కానీ తొలిసారి నాలుగు చక్రాలకూ ఊపు ఇచ్చారు. సమయం 3.4 సెకన్లకు దిగింది. ఆ ఒక్క సెకనులో ఇంజిన్ వాటా కొద్దిపాటిదే, ఎక్కువ భాగం టైర్ల పట్టుది.

గరిష్ఠ వేగం సంగతి వేరు. అక్కడ శత్రువు గాలి. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన బలం వేగపు ఘనం లెక్కన పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం ఎనిమిది రెట్లు కావాలి. జర్మన్ కంపెనీలు చాలాకాలంగా తమలో తాము అనుకుని కార్ల వేగాన్ని 250 దగ్గర ఎలక్ట్రానిక్స్‌తో కట్టేస్తున్నాయి. అదనంగా డబ్బు కడితే ఎం5 కట్టు 305 దాకా సడలుతుంది. 250 నుంచి 305కి వేగం ఐదో వంతు పైచిలుకే పెరిగినా, గాలిని తోయడానికి బలం 1.8 రెట్లు కావాలి.

ఇంత చేశాక మళ్లీ ఇది విలాసాల కారే అని గుర్తుంచుకోవాలి. రేసు కారులా కుదిపితే కొనేవాడు ఊరుకోడు. అందుకే గుంత కనబడితే మెత్తబడి, మలుపు రాగానే బిగుసుకునే షాక్ అబ్జార్బర్లు. కిటికీ అద్దాలు బిగిస్తే బయటి చప్పుడేదీ లోపలికి రాకూడదు, కానీ ఇంజిన్ గర్జన వినబడాలి! 2011 ఎం5లో ఈ తగవును బీఎండబ్ల్యూ విచిత్రంగా తీర్చింది. ఇంజిన్ శబ్దాన్ని కారు స్పీకర్లలోంచి వినిపించింది. అభిమానులు మండిపడ్డారు. వాళ్ల కోపంలో న్యాయం ఉందనే నాకనిపిస్తుంది.

ఈ హంగులన్నిటికీ చివరకు చెల్లించే మూల్యం బరువు. 1980ల మధ్యలో వచ్చిన తొలి ఎం5 బరువు 1,430 కిలోల దరిదాపు, బలం 286 హార్స్‌పవర్. ఇప్పటి ఎం5లో ఇంజిన్‌కి తోడు ఎలక్ట్రిక్ మోటారూ, పెద్ద బ్యాటరీ చేరి బలం 727 హార్స్‌పవర్ అయింది. తన ముందు తరం కన్నా 127 ఎక్కువ. బరువు కూడా ఆ ముందు తరం కన్నా ఐదు వందల కిలోలకు పైగా పెరిగింది. సున్నా నుంచి 100కి పట్టే సమయం 3.5 సెకన్లు. బీఎండబ్ల్యూ లెక్కల ప్రకారమే, 600 హార్స్‌పవర్‌తో నడిచిన పాత ఎం5 కన్నా ఇది 0.1 సెకను వెనక.