మంద్రస్వరమునకు తగిన పెట్టె

మా మఱది హిందూపురములో బేసు గిటారు వాయించును. అది సామాన్యమైన గిటారు కాదు. నాలుగే తంత్రులు, అవియు లావైనవి. పాటకు క్రిందినుండి మంద్రస్వరము నందించుట దాని పని. ఇళయరాజాగారు కూర్చిన పాటలను శ్రద్ధగా విన్నవారికి ఆ స్వరము పాటతోపాటు తానొక వేఱు పాటగా నడచుట తెలియును. మావాని గోష్ఠిలో నలుగురున్నారు. వానితో కలిసి వాయించువారిలో ఇద్దఱిది పెనుకొండ, ఒకనిది ధర్మవరము. పెండ్లిండ్లకును, వినాయకచవితి పందిళ్ళకును, జాతరలకును పోయి వాయించి వత్తురు. ఈ మూడూళ్ళును బెంగుళూరు పోవు ఒకే రైలుదారిలో నుండుట వారికి కలిసివచ్చినది.

నిరుడు శ్రావణమాసమున అతడు వంటయింటి గడపలో నిలిచి, "వదినా, ఒక ఆంప్లిఫయరును, స్పీకరు పెట్టెయు కొనవలెను. నలుబదివేలగును. మీ చీటీ సొమ్ము బదులీయరా?" అని యడిగెను. నేను వెంటనే సరేయనలేదు. అంతకు రెండేండ్ల ముందు, నా కమ్మలు మార్పించుకొనుటకు దాచిన పదునెనిమిదివేలు ఈ పనికే యిచ్చి పోగొట్టుకొంటిని. అప్పుడొక అంగడివాడు, "గిటారనగా గిటారే గదా!" యని చెప్పి, సామాన్యపు గిటారునకు చేసిన ఆంప్లిఫయరును అంటగట్టెను. ధర్మవరములో నొక పెండ్లిలో మూడవ పాట ముగియకమునుపే దానినుండి చిరిగిన చేటను కొట్టినట్టి చప్పుడు వచ్చెను. విప్పి చూడగా స్పీకరులోని కాగితపు గిన్నె అంచు చిరిగియుండెను. పెండ్లివారు సొమ్ములో కోత పెట్టిరి. పిల్లవాడు రెండు దినములు అన్నము సరిగా తినలేదు.

కావున ఈసారి ఆ వస్తువు తత్త్వమేమో నాకు బోధపడినగాని సొమ్ము కదలదని చెప్పితిని. మా యింటివారు ఉన్నతపాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పుదురు. నేను చదివినవి కావ్యములును పురాణములును. నెలదినములు రాత్రి భోజనములైన పిమ్మట వారు చెప్పగా విని, తెలియనిచోట్ల తర్కించి, గ్రహించినంత యిక్కడ వ్రాయుచున్నాను. ఇట్టి వస్తువు కొనుమని పోరు పెట్టు పిల్లలు మీ యిండ్లలోను ఉండవచ్చును.

సామాన్యపు గిటారులో అన్నిటికన్న లావు తంత్రి సెకండునకు 82 మార్లు కంపించును. బేసు గిటారులో లావు తంత్రి 41 మార్లే. సగమే గదా, పని తేలికయని తోచును. నిజము అందుకు విరుద్ధము. కంపనసంఖ్య సగమైనప్పుడు, అంతే మ్రోత రావలెనన్న స్పీకరులోని గిన్నె నాలుగింతల దూరము ముందువెనుకలకు కదలవలయును. సామాన్యపు గిటారు స్పీకరు అంత కదలికకు చేసినది కాదు. అదిగాక అట్టి పెట్టెలు చాలవానికి వెనుక మూత యుండదు. గిన్నె ముందుకు పోయినప్పుడు ముందు గాలి ఒత్తుకొనును. వెనుక గాలి పలుచబడును. మంద్రస్వరములలో ఈ రెండును పెట్టెను చుట్టి వచ్చి ఒకదానినొకటి మ్రింగివేయును. మ్రోత చాలలేదని పిల్లవాడు మీట ఇంకను త్రిప్పును, గిన్నె చిరుగును. మా పదునెనిమిదివేలు పోయిన దారి యిదియే.

కాబట్టి మంద్రస్వరమునకు యంత్రమెంత ముఖ్యమో పెట్టెయు అంత ముఖ్యము. ఇది మనవారెఱుగని సంగతి కాదు. తంబురకు బుఱ్ఱ యేల? మృదంగపు ఎడమ ముఖమున తడిపిన రవ్వ యేల యంటింతురు? మన సీమలో ఉరుములవాండ్రు గుడిముందర వాయించునప్పుడు ఆ మ్రోత చెవికంటె ముందు ఱొమ్మునకు తగులును గదా. లేపాక్షి నాట్యమంటపములో బ్రహ్మ మద్దెల వాయించుచున్నాడు, తుంబురుడు వీణ పట్టియున్నాడు. ఆంప్లిఫయరు లేక వారికేమి లోటు వచ్చినదని మా అత్తగారి ప్రశ్న. దానికి మా మఱది యింతవరకు జవాబు చెప్పలేదు.

పెట్టెలు ముఖ్యముగా రెండు విధములు. అన్నివైపుల మూసినది యొకటి. ముందో వెనుకో రంధ్రముంచినది యింకొకటి. కుండమూతికి నోరుపెట్టి ఊదిన ఒక స్వరము పలుకును గదా. అట్లే రంధ్రము గల పెట్టెకును దానిదైన స్వరమొకటి యుండును, ఆ ప్రాంతమున మ్రోత హెచ్చును. కాని అంతకన్న క్రిందికి పోయినచో గిన్నెకు ఆధారము తప్పి వృథాగా కొట్టుకొనును. చిన్న పెట్టె, లోతైన మంద్రము, కొద్ది విద్యుత్తుతో పెద్ద మ్రోత - ఈ మూడును ఒక్కచోట దొరకవు. రెండు కోరుకొన్నచో మూడవది విడువవలసినదే. ఈ మాట అంగళ్ళలో ఎవరును చెప్పరు.

ఈ వాద్యము పుట్టినది చాలకాలము క్రిందట కాదు. అమెరికాలో లియో ఫెండరు 1951లో తన ప్రెసిషన్ బేసును విక్రయమునకు తెచ్చెను. మఱుసటియేడే దానికని బేస్‌మన్ అను ఆంప్లిఫయరు వచ్చెను; అందు పదునైదంగుళముల స్పీకరొకటి. తరువాత దానిలోనే పదంగుళముల స్పీకర్లు నాలుగు పెట్టగా, చిత్రమేమనగా, సామాన్యపు గిటారువారే దానిని ఎక్కువగా మెచ్చుకొని యెత్తుకొనిపోయిరి. 1969లో ఆంపెగ్ సంస్థవారు 300 వాట్ల యంత్రమును, పదంగుళముల స్పీకర్లెనిమిది గల పెట్టెలతో జతచేసి పెద్ద సభలకు తెచ్చిరి. ఆ పెట్టె యొక్కదానిని కదలించుటకే ఇద్దఱు మగవారు కావలెను. మావాడు మొదట చూపిన బొమ్మ అదియే! "దీనిని మన మిద్దెమీదికి ఎవరెక్కింతురు?" అని యడిగితిని. ఆ బొమ్మ మరల కనబడలేదు.

ఇక వాట్ల మాట. నూఱు వాట్లకన్న రెండు నూఱులు రెట్టింపు మ్రోత యిచ్చునని నేననుకొంటిని. అట్లు కాదట. వాట్లు రెట్టింపైనచో మూడు డెసిబెల్లులు మాత్రమే హెచ్చును. అది చెవికి కొంచెము తేడా. మ్రోత రెట్టింపుగా తోచుటకు వాట్లు సుమారు పదింతలు కావలెను. దానికన్న స్పీకరు పెట్టె వెనుకనో, దానితో వచ్చు కాగితమునందో వ్రాసియుండు మఱియొక సంఖ్యను చూడవలెను. ఒక వాటు విద్యుత్తిచ్చి ఒక మీటరు దూరమున కొలిచినప్పుడు ఎన్ని డెసిబెల్లులు వచ్చునో అది తెలుపును. 94 వచ్చు పెట్టెకు 400 వాట్లు కావలసినచోట 100 వచ్చు పెట్టెకు నూఱు వాట్లు చాలును. వాట్ల సంఖ్యను పెద్దయక్షరములతో వ్రాసి ఈ సంఖ్యను చిన్నయక్షరములతో వ్రాయుట వర్తకుల నేర్పు.

స్పీకరు ఎంత వెడల్పైన అంత మంద్రమనుటయు పూర్తిగా నిజము కాదు. మంద్రము పెట్టె కట్టిన తీరునుబట్టి యుండును. కదలించు గాలికి గిన్నె వైశాల్యము కావలెను. పదంగుళములవి నాలుగు చేరినచో పదునైదంగుళముల దాని వైశాల్యమునకు ఇంచుమించు రెట్టింపగును. మావారు పలకమీద లెక్కవేసి చూపువఱకు నేను నమ్మలేదు.

ఓములను గూర్చి తప్పక తెలిసికొనవలెను, ఏలనన ఇక్కడి పొరపాటు యంత్రమునే కాల్చును. పెట్టెలమీద 8 ఓములనియో 4 ఓములనియో యుండును; అది విద్యుత్తునకు పెట్టె చూపు అడ్డు. ఎనిమిదేసి ఓముల పెట్టెలు రెండు ప్రక్కప్రక్కల తగిలించినచో పదునాఱు గాక నాలుగగును. వింతగా తోచినను, ఒక తలుపున్న గదికి రెండవ తలుపు తెఱచినచో జనము సులభముగా పోవుదురు గదా, అట్లే. యంత్రము 4 ఓములకు తగ్గరాదని చెప్పినప్పుడు మూడవ పెట్టెను తగిలింపరాదు. అదే యంత్రమునకు 8 ఓముల పెట్టె యొక్కటే తగిలించిన హాని లేదు. వాట్లు మాత్రము సగమునకు కొంచెము మించి వచ్చును. గాజుబుడ్ల పాతరకపు యంత్రములను స్పీకరు తగిలింపక నడుపనే రాదు. యంత్రమునుండి పెట్టెకు పోవు తీగ లావుగా వేఱే యుండవలెను. గిటారు తీగను అక్కడ వాడరాదు.

ఇన్నియు తెలిసిన పిమ్మట, "మీరెక్కడెక్కడ వాయింతురో చెప్పు" మని మఱదిని అడిగితిని. అసలు ప్రశ్న యిదియేనని నాకిప్పటికిని తోచుచున్నది. సాధన హిందూపురములో మా మిద్దెమీది గదిలో. పెండ్లిండ్లు ధర్మవరపు కల్యాణమంటపములలో. జాతరలును, పందిళ్ళును పెనుకొండ కొండక్రింద ఆరుబయట.

గదికి ముప్పది వాట్లే చాలును. మూలకు చేర్చిన పెట్టె మంద్రమును గోడలే హెచ్చించును. గుమగుమ తగ్గవలెనన్న గోడకు దూరముగా జరుపవలెను. అయినను మంద్రధ్వని గోడలగుండ పోవునంత సులభముగా పైస్వరములు పోవు. మా ప్రక్కయింట నెలలబిడ్డ యుండగా పాటలో మాధుర్యమంతయు మాకు మిగిలి, దడదడ మాత్రము వారికి పోయెడిది. ఆ తల్లి యొక నాడు బిడ్డనెత్తుకొని వచ్చి యేమియు అనక కూర్చుండెను. అంతకన్న పెద్ద ఫిర్యాదు లేదు. అందుచేత చెవులకు తగిలించుకొను హెడ్‌ఫోనునకు రంధ్రమున్న యంత్రమే కావలెనని మొదటి షరతు పెట్టితిని.

మంటపములో డోళ్ళతో సమముగా వినబడవలెను. అక్కడ రెండు మూడు నూఱుల వాట్లు వలసివచ్చును. కాని చాల మంటపములలో సభ కంతకు వినిపించు స్పీకర్లు వేఱుగా నుండును. బేసు యంత్రము వెనుక డి.ఐ. అను రంధ్రమున్నచో అక్కడినుండి తీగ వేసి మిక్సరున కీయవచ్చును; అప్పుడు మన పెట్టె వాయించువానికి తన వాద్యము తనకు వినబడుటకే. పెట్టెను కుర్చీమీద నెత్తిపెట్టుటయో, కొంచెము వెనుకకు వాల్చుటయో చేయవలెను. నేలమీద నుంచినచో స్పష్టమైన ధ్వని వాని మోకాళ్ళకు తగిలి పోవును; వినబడక వాడు మీట త్రిప్పును; ముందు వరుసలోని ముసలివారు చెవులు మూసికొందురు.

ఆరుబయట సంగతి వేఱు. గోడలు లేవు, మూలలు లేవు. దూరము రెట్టింపైనప్పుడెల్ల ఆఱు డెసిబెల్లులు తగ్గును. గదిలో గర్జించిన పెట్టె అక్కడ పిల్లికూన. అక్కడ మన పెట్టెతో ఊరంతటికి వినిపించవలెననుట వృథా. పందిరివాని స్పీకర్లనే నమ్ముకొనవలెను. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 వఱకు, మూసిన సభామందిరములలో దప్ప, ధ్వనివర్ధకములు వాడరాదని 2000వ సంవత్సరపు నియమములు చెప్పుచున్నవి. కొన్ని పండుగదినములకు అర్ధరాత్రి వఱకు అనుమతించు అధికారము రాష్ట్రప్రభుత్వమునకు కలదు.

ఆరుబయట భయము మ్రోతది కాదు, విద్యుత్తుది. కిందటి జాతరలో తీగ ఎక్కడినుండియో లాగి, మూడుముండ్ల ప్లగ్గులో పైముల్లు విఱిచి రెండుముండ్ల సాకెట్టులో దూర్చిరి. ఎర్త్ లేని యంత్రములో లోపల తీగ తెగినచో, 230 వోల్టులు గిటారు తంత్రులలోనికే రావచ్చును. మావానికి తంత్రినంటిన వ్రేళ్ళు జివ్వుమనెను. దైవవశమున అంతతో పోయెను. ఈ సంగతి వాడు నాకు చెప్పలేదు, స్నేహితుడు చెప్పెను. సొమ్ము మాట అటుండ, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఎర్త్ లేనిచోట వాయింపనని తల్లిముందు మాట యిచ్చిన పిమ్మటనే చీటీ సొమ్ము పెట్టెలోనుండి తీసితిని.

పిదప మేము ముగ్గురము ఉదయపు రైలున బెంగుళూరు పోతిమి. వాని గిటారునే వెంట తీసికొనిపోతిమి. అంగడివారి గిటారుతో పరీక్షించిన మన గిటారు సంగతి తెలియదు. లావు తంత్రిని మొదట మెల్లగను, పిదప గట్టిగను మీటించి, ప్రతి స్వరమును నిలిపి వింటిమి. ఒకచోట ఎవరో వాడిన పెట్టె చవుకగా వచ్చెను. మావారు దానిని మీటరుతో కొలిచిరి. 8 ఓముల పెట్టె మీటరున ఆఱు ప్రాంతమున చూపవలెను, చూపెను. కాని గిన్నెను రెండుచేతుల వ్రేళ్ళతో సమముగా మెల్లగా నొక్కగా లోపల గరగరమని రాచుకొన్నది. దండము పెట్టి వచ్చితిమి.

తుదకు 4 ఓములకు 300 వాట్లిచ్చు యంత్రమును కొంటిమి. ఇప్పటి కొత్తరకపుది, రెండు మూడు కిలోల బరువే, నా చేతిసంచిలో పట్టినది. దానితో పదంగుళముల స్పీకర్లు రెండు గల 8 ఓముల పెట్టె యొకటి. ఇంటికిని మంటపమునకును ఇది చాలును. సంపాదన వచ్చిన పిమ్మట అట్టి పెట్టె ఇంకొకటి కొని దీనిమీద నెక్కించినచో యంత్రము పూర్తి వాట్లిచ్చును. పై స్పీకర్లు చెవులయెత్తునకు వచ్చును. అడిగిన నలుబదివేలలో కొంత మిగిలినది. కమ్మలకు చాలదు, లావైన తీగయు, ఎర్త్ పరీక్షించు చిన్న దీపపు ప్లగ్గును అందులోనే కొంటిమి.

మాఘమాసమున ధర్మవరములో పెండ్లికి మమ్మును పిలిచిరి. అత్తగారు వెనుక వరుసలో కూర్చుండి మూడు పాటలు విని, "వాడు వాయించుచున్నాడా?" అని యడిగిరి. వాయించుచున్నాడంటిని. "మునుపటివలె గొడవగా లేదే?" అనిరి. ఇప్పుడు పెట్టెకు దుమ్ము పడకుండ పాత దుప్పటితో ఒక గవుసెన కుట్టుచున్నాను. వాయించునప్పుడు తీసివేయుటకు వీలుగా ప్రక్కన నాడాలు పెట్టితిని.