కాలిగోరు లోనికి పెరిగితే

పిల్లలూ! మీరు నిజ్వా కోట చూశారు గదా! 17వ శతాబ్దంలో ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించిన ఆ గుండ్రని బురుజు పైకి ఎక్కడం మీకెంతో సరదా. కాని కాలి బొటనవేలు సలుపుతున్నవారికి అక్కడి ఒక్కొక్క మెట్టూ ఒక కొండే. ఆ సలుపుకు తరచుగా కారణం లోనికి పెరిగిన గోరు.

గోరు కెరాటిన్ అనే గట్టి పదార్థంతో తయారవుతుంది. శుక్రవారం సంతలో మీరు చూసే మేకల గిట్టలలోను ఉండేది ఇదే. పైకి కనిపించే గోరులో ప్రాణం లేదు. అందువల్లనే దానిని కత్తిరించినా నొప్పి పుట్టదు. చర్మం కింద దాగిన గోరు మొదలులో మాత్రం కొత్త గోరు నిత్యం పుడుతూ ముందుకు జరుగుతుంది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలిగోరు అందులో సగమే పెరుగుతుంది.

మరి గోరు లోనికి ఎందుకు దిగుతుంది? గోరు మూలలను గుండ్రంగా, లోతుగా కత్తిరిస్తే అక్కడ ముల్లువంటి మొన మిగిలిపోవచ్చు. గోరు పెరిగేకొద్దీ ఆ మొన పక్కనున్న మెత్తని చర్మంలో గుచ్చుకుంటుంది. ఇరుకు బూట్లు చర్మాన్ని గోరు అంచుమీదికి నెడతాయి. నిజ్వాలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మూసిన బూట్లలో చెమటకు నానిన చర్మాన్ని గోరు సులభంగా చీల్చుతుంది. మొదట వేలు ఎర్రబడి వాస్తుంది. తరువాత సూక్ష్మజీవులు చేరి చీము పడుతుంది.

తొలి దశలోనే జాగ్రత్తపడితే ఇంటిలోనే నయం కావచ్చు. రోజుకు మూడు నాలుగు సార్లు, 15 నిమిషాల చొప్పున గోరువెచ్చని నీటిలో కాలు ఉంచాలి. తరువాత తడి లేకుండా తుడవాలి. వదులుగా ఉండే చెప్పులు వేసుకోవాలి. బ్లేడుతో మూల తవ్వరాదు. అలా చేస్తే మరొక మొన మిగులుతుంది. గోరుచుట్టుపై రోకటిపోటు అన్నట్లవుతుంది.

చీము పట్టినా, నొప్పి తగ్గకపోయినా డాక్టరుకు చూపించాలి. భయపడకండి. డాక్టరు సూదిమందుతో వేలికి స్పర్శ తెలియకుండా చేసి, గుచ్చుకొన్న అంచును మాత్రమే తీసివేస్తారు. అది మళ్లీ పెరగకుండా గోరు మొదలులో ఫినాల్ అనే మందు పూయడం కూడా ఉంది. 1865లో గ్లాస్గో నగరంలో జోసెఫ్ లిస్టర్ గాయాలు కుళ్లకుండా వాడినది ఈ ఫినాల్‌నే.

మీ ఇంటిలో బరువైన బూట్లు వేసుకొని పనికి వెళ్లే నాన్నగారో, బాబాయిగారో ఉన్నారా? ఒకరోజు జీతం పోతుందని వారు నొప్పిని దాచుకోవచ్చు. వారికి చక్కెర వ్యాధి ఉంటే మరీ ప్రమాదం. ఆ వ్యాధి ముదిరితే కాలికి నొప్పి తెలియదు, పుండు త్వరగా మానదు. అటువంటివారు ఇంటివైద్యం చేసుకోక, వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఈ సంగతి మీరే వారికి చెప్పండి.

కాలిగోళ్లను తిన్నగా అడ్డంగా కత్తిరించండి. మూలలు పైకి కనిపించాలి. మేజోళ్లు రోజూ మార్చండి. మీ పాదాలు ఇంకా పెరుగుతున్నాయి. కనుక ప్రతిసారీ కొలత చూసుకొని బూట్లు కొనండి.

ఆలోచించండి:
1. గోరును కత్తిరిస్తే నొప్పి పుట్టదు. మరి గోరు లోనికి పెరిగితే నొప్పి ఎందుకు పుడుతుంది?
2. ఎండ ప్రదేశాలలో వేళ్లు కనిపించే చెప్పులు ఎందుకు మేలు?