గోరువంకలు: చేనికి మిత్రులా, శత్రువులా?

నాగటి చాలు వెంట నడచుచు, పెళ్లల నడుమ బయటపడిన పురుగులను ఏరుకొని తిను గోరువంకను ఎరుగని రైతు ఉండడు. అయితే ఇది ఒక పెద్ద కుటుంబములోని ఒక జాతి మాత్రమే. స్టార్లింగులు, మైనాలు అని పిలువబడు పక్షులన్నియు ఈ కుటుంబమునకు చెందినవే. ప్రపంచమున వీనిలో సుమారు 120 జాతులు కలవు. ఐరోపా, ఆసియా, ఆఫ్రికా ఖండములు, ఆస్ట్రేలియా ఉత్తర భాగము, పసిఫిక్ దీవులు వీని జన్మస్థానములు.

బలమైన కాళ్లు, సూటియైన ముక్కు, గుంపులుగా మెలగుట వీని సామాన్య లక్షణములు. మూసిన ముక్కును గడ్డి మొదళ్లలోనికి దింపి, లోపలనే తెరచి, ఆ సందున దాగిన పురుగును పట్టు నేర్పు ఇందలి పెక్కు జాతులకు కలదు.

మన ప్రాంతపు జాతులు

ఊళ్లలో కనబడు సాధారణ గోరువంకకు ముక్కు, కాళ్లు పసుపుపచ్చగా నుండును. పాపట గోరువంకకు తలపై నల్లని జుట్టు ఉండును. ఈ రెండును చెట్టు తొర్రలలోను, గోడల కన్నములలోను గ్రుడ్లు పెట్టును. నలుపు తెలుపుల గోరువంక మాత్రము కొమ్మలపై గడ్డితో పెద్ద గూడు కట్టుకొనును. తూర్పు కనుమల అడవులలోని కొండగోరువంక మనుష్యుల మాటను చక్కగా అనుకరించును. ఆ విద్యయే దానిని పంజరము పాలు చేయుచున్నది.

వలస వచ్చు అతిథి

గులాబి గోరువంక మన దేశమున గూడు కట్టదు. వర్షకాలమున మధ్య ఆసియా ప్రాంతముల నుండి గుంపులుగా వచ్చి, వేసవి ఆరంభమున మరలిపోవును. ఇది జొన్నచేలపై వ్రాలి గింజలు తినుట నిజమే. కాని మిడుతలను, గొంగళి పురుగులను కూడ తినును. బూరుగు, మోదుగ పూల తేనె త్రాగుచు పుప్పొడిని ఒక పూవు నుండి మరియొక పూవునకు చేర్చును. తన స్వస్థలమున పిల్లలను మిడుతలతోనే పెంచును. అందువలననే చైనాలోని సింజియాంగ్ ప్రాంతమున పచ్చికబయళ్ల రక్షణకై రాళ్లకుప్పలతో గూళ్లు కల్పించి ఈ పక్షులను రప్పించుచున్నారు.

చోటు మారిన గుణము మారును

మిడుతలను అణచుటకై 1762లో మన దేశపు గోరువంకను మారిషస్ దీవికి కొనిపోయిరి. 1862లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో దీనిని విడిచిరి. 1890లో ఐరోపా స్టార్లింగును న్యూయార్క్ నగరపు ఉద్యానవనమున విడిచిరి. క్రొత్త దేశములలో ఇవి మితిమీరి పెరిగి, అచ్చటి పక్షుల తొర్రలను ఆక్రమించి, పండ్లతోటలను పాడుచేసినవి. 2000లో ప్రకటింపబడిన 100 హానికర వలస జీవుల అంతర్జాతీయ పట్టికలో పక్షులు మూడే కలవు. ఆ మూడింట రెండు ఈ కుటుంబమువే. స్వస్థలమున మేలుచేయు పక్షియే పరస్థలమున కీడైనది. కనుక పేరు విన్నంతనే మంచి చెడ్డలు నిర్ణయింపరాదు.

పంచాయతీల కర్తవ్యము

చెరువుకట్టలపై, బాటల వెంట ఎండిన చెట్లను వేలము వేయుటకు ముందు తొర్రలలో గూళ్లున్నవేమో చూడవలెను. వేసవి నుండి వర్షకాలము వరకు పిల్లలను పెంచు కాలము. మనుష్యులకు, పశువులకు ప్రమాదము లేని చెట్టును ఆ కాలమున నరకకుండుట మంచిది.

జొన్న పాలుపోసుకొన్ననాటి నుండి కోత వరకు కాపలా అవసరము. ఒక్క రైతు అదలించిన గుంపు ప్రక్క చేనిపై వ్రాలును. కావున ఇరుగు పొరుగు రైతులు వంతులు వేసికొని, మంచెలపై నుండి డబ్బాల చప్పుడుతో ఒకే వేళ తోలవలెను. విషము కలిపిన గింజలు చల్లరాదు. వానిని తిని ఇంటి కోళ్లు, పశువులు కూడ చచ్చును.

కొండగోరువంకలను పట్టుట, అమ్ముట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. అట్టి వ్యాపారము సంతలలో కనబడినచో అటవీశాఖ వారికి తెలుపవలెను.

చెట్ల వేలము, పైరు రక్షణ చర్చకు వచ్చినపుడు సభ్యులు ఈ విషయములను గ్రామసభలో వివరించినచో, పంటకు నష్టము తగ్గును. పురుగులను ఏరు పక్షియు మన పొలమున నిలుచును.