ఒక్క సంచితో వియత్నాం

వీపున ఒక్క సంచి తగిలించుకొని, ట్రావెల్ ఏజెన్సీల ప్యాకేజీలపై ఆధారపడకుండా, స్థానికులు ఎక్కే బళ్లలో తిరుగుతూ, వారు తినేచోటనే తింటూ సాగించే దేశాటనను బ్యాక్‌ప్యాకింగ్ అంటారు. ఇందుకు వియత్నాం ఎంతో అనువైనది కావడానికి అక్కడి ధరలతోపాటు ఆ దేశపు ఆకారం కూడా కారణమే. ఉత్తర దక్షిణాలుగా సుమారు 1,650 కిలోమీటర్ల పొడవున్న ఆ దేశం, నడుమ ఒకచోట సుమారు 50 కిలోమీటర్లకు సన్నబడుతుంది కనుక, చూడదగిన పట్టణాలు చాలావరకు తూర్పు తీరం వెంట ఒకే వరుసలో ఉంటాయి. ఉత్తరాన హనోయిలో దిగి, దక్షిణాన హో చి మిన్ సిటీ నుంచి తిరుగు విమానం ఎక్కితే, వచ్చిన దారినే వెనక్కి వెళ్లే ఖర్చు, శ్రమ రెండూ తప్పుతాయి.

ఈ రెండు నగరాలను కలిపే 1,726 కిలోమీటర్ల రైలుమార్గాన్ని ఫ్రెంచి పాలకులు 1936లో పూర్తిచేశారు. వియత్నాం యుద్ధంలో ఛిన్నాభిన్నమైన ఆ మార్గం, ఉత్తర, దక్షిణ వియత్నాంలు ఒకే దేశమైన 1976లోనే, డిసెంబరు 31న తిరిగి తెరుచుకుంది. ఈ రైళ్లలో గదికి ఆరుగురు పడుకునే బెర్తులు నలుగురు పడుకునే వాటికన్నా చవక. రాత్రివేళ ప్రయాణిస్తే ఒక పూట బస ఖర్చు కూడా మిగులుతుంది. అయితే హ్యూ, డనాంగ్ పట్టణాల నడుమ రైలు హై వాన్ కొండలను చుట్టి సముద్రం అంచున సాగుతుంది కనుక, ఆ భాగాన్ని పగటిపూట దాటడమే మేలు.

డనాంగ్ సమీపంలోని మీ సన్ లోయ భారతీయులకు ప్రత్యేకమైనది. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు 4వ శతాబ్దం నుంచి శతాబ్దాలపాటు అక్కడ ఆలయాలు కట్టించి, శివుణ్ని భద్రేశ్వరుడన్న పేరుతో కొలిచారు. 1999లో యునెస్కో గుర్తింపు పొందిన ఆ శిథిలాల పునరుద్ధరణలో భారత పురావస్తు శాఖ పాలుపంచుకోగా, 2020లో ఆ పనుల్లోనే ఒక ఏకశిలా లింగం బయల్పడింది.

వియత్నాం ప్రభుత్వం 2023 ఆగస్టు నుంచి 90 రోజుల వరకు చెల్లే ఈ-వీసా, అంటే ఆన్‌లైన్‌లో పొందే అనుమతి, ఇస్తున్నది. ఒకసారి ప్రవేశానికి రుసుము 25 డాలర్లు. ప్రభుత్వ వెబ్‌సైటులోనే దరఖాస్తు చేసుకుంటే దళారుల రుసుము ఉండదు. అక్కడి కరెన్సీ పేరు డాంగ్. 20 వేల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలిరంగువే కనుక, చెల్లించేటప్పుడు సున్నాలు లెక్కపెట్టుకోవాలి.

అక్కడి వంటల్లో చేపల నుంచి తీసే న్యోక్ మామ్ అనే ద్రవం విరివిగా కలుస్తుంది కనుక, శాకాహారులు ‘చాయ్’ అన్న మాటను గుర్తుంచుకోవాలి. ఆ మాటకు అక్కడ తేనీరని కాదు, శాకాహారమని అర్థం. చాంద్రమాన మాసంలో 1, 15 తేదీల్లో బౌద్ధులు ఎందరో మాంసం మానేస్తారు కనుక, ఆ రోజుల్లో ఇటువంటి భోజనం మరింత తేలికగా దొరుకుతుంది.

పొదుపుకూ హద్దు ఉంది. భారతదేశం 1949 ఒప్పందం ప్రకారం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ వియత్నాంలో చెల్లదు కనుక, చవకగా దొరికిందని అద్దె మోటారుసైకిలు నడిపితే, ప్రమాదవేళ బీమా సొమ్ము కూడా అందకపోవచ్చు. బీమాకు, ప్రాణరక్షణకు వెనుకాడక ఖర్చుపెట్టి, తక్కిన చోట్ల పొదుపు పాటించే యాత్రికుడికి మిగిలేది డబ్బు మాత్రమే కాదు; ఆరు బెర్తుల గదిలో, వీధి పక్క భోజనపు బల్ల దగ్గర, ఆ దేశ ప్రజల సరసన కూర్చునే అవకాశం కూడా.