టెలివిజను రాజకీయ పాత్రికేయుడు – కొమ్మినేని శ్రీనివాసరావుగారి వృత్తిజీవనము

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అందు చేరెను. బళ్లారి మైసూరు రాష్ట్రమునకు చెందెను. ఆ సరిహద్దు పాలనను విభజించెనుగాని భాషను విభజింపలేదు. నేడు బళ్లారి తెలుగిండ్లలోనికి పాఠశాలతోపాటు టెలివిజను కూడ తెలుగును కొనివచ్చుచున్నది. కావున ఆ తెరపై రాజకీయచర్చ నడపువాని వృత్తిధర్మ మెట్టిదో తెలిసికొనుట మనకు అవసరము.

ఇందుకు కొమ్మినేని శ్రీనివాసరావుగారి జీవితము తగిన ఉదాహరణము. వారు మొదట పత్రికారచయితలు. ఈనాడు, ఆంధ్రజ్యోతి పత్రికలలో పనిచేసి, తరువాత ఎన్‌టీవీలోను, సాక్షి టీవీలోను రాజకీయచర్చలు నిర్వహించిరి. ఎన్నికల చరిత్రపై గ్రంథములు వ్రాసిరి. సాక్షి సంస్థ వై.యస్. జగన్మోహనరెడ్డిగారు స్థాపించినది, ఆయన ముఖ్యమంత్రిగా నున్న కాలమున, 2022లో, శ్రీనివాసరావుగారు సి. రాఘవాచారి మీడియా అకాడమీ అధ్యక్షులుగా నియమితులైరి. ఈ కారణమున వారి విశ్లేషణము ఒక పక్షమునకు మొగ్గినదని విమర్శించువారును గలరు.

పత్రికకును టెలివిజనుకును గల ప్రధానభేద మొక్కటి. పత్రికలో విలేఖరి వ్రాసినది ఉపసంపాదకుడు దిద్దును. సందేహము కలిగిన మాట అచ్చునకు ముందే తొలగును. ప్రత్యక్షప్రసారమున అట్టి వ్యవధి లేదు. అతిథి నోట వెలువడిన మాట మరుక్షణమే ఇంటింట వినబడును. అచట విలేఖరి, ఉపసంపాదకుడు, సంపాదకుడు అను మువ్వురి పనిని చర్చానిర్వాహకు డొక్కడే నిర్వహింపవలెను. ప్రశ్నించుటయే గాక వారించుటయు, సవరించుటయు అతని విధులు.

2025 జూన్ నెలలో ఈ భేదము న్యాయస్థానమునకే ఎక్కినది. అమరావతి ప్రాంతపు స్త్రీలను గూర్చి ఒక అతిథి చేసిన అవమానకర వ్యాఖ్య నాధారముగా గొని, చర్చ నడపిన శ్రీనివాసరావుగారిని 9వ తేదీన పోలీసులు నిర్బంధించిరి. 13వ తేదీన సుప్రీంకోర్టు వారి విడుదలకు ఆదేశించెను. ఆ వ్యాఖ్య వారు స్వయముగా చేసినది కాదనియు, ప్రత్యక్షప్రసార చర్చలో పాత్రికేయుని పాత్రకును వాక్స్వాతంత్ర్యమునకును రక్షణ ఉండవలెననియు న్యాయమూర్తులు పేర్కొనిరి. అయితే తాము పరువునష్టకరమగు మాటలాడరాదనియు, తమ చర్చలలో ఇతరులను ఆడనీయరాదనియు నిబంధన విధించిరి. ఇది బెయిలు ఉత్తర్వు మాత్రమే, తుదితీర్పు కాదు.

ఈ ఉత్తర్వులో రెండంశములు ముఖ్యములు. పరుల మాటకు నిర్వాహకుని చెరలో నుంచుట తగదనునది మొదటిది. తన వేదికపై మాటల హద్దును కాపాడుట అతని బాధ్యత యనునది రెండవది. మొదటిది స్వేచ్ఛ, రెండవది సంయమము. ఒకటి లేనిచో రెండవది నిలువదు.

సరిహద్దు జిల్లాలో మన పిల్లలు బడిలో నేర్చు తెలుగు కొంత, తెరపై వినునది కొంత. తీవ్రముగా విభేదించుచు కూడ మర్యాదగా మాటలాడవచ్చునని వారికి ఆ తెర నేర్పగలిగినచో పాత్రికేయవృత్తి సార్థక మగును. అట్టి భాషను కోరుట శ్రోతలముగా మన హక్కు.