చేతిరాత బాగాలేదా? ముందు చేతిని చూడండి

సాయంత్రం ఏడు గంటల వేళ పీర్జాదిగూడలోనో, ఉప్పల్, నాచారం వైపో ఏ అపార్ట్‌మెంట్ మెట్లెక్కినా ఈ మాట వినబడుతుంది: "గీత దాటొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? రబ్బరుతో చెరిపి మళ్ళీ రాయి!" ఎదురుగా నాలుగు గీతల కాపీ పుస్తకం, చేతిలో పెన్సిల్, కళ్ళలో నీళ్ళు. బిడ్డకు ఇంకా ఆరేళ్ళు నిండలేదు. కర్సివ్ రైటింగ్ ఇంకా రెండు పేజీలు మిగిలే ఉంది.

రాత కుదురుగా లేకపోతే అది బద్ధకమో, మొండితనమో అని వెంటనే అనుకోకండి. కన్ను, మెదడు, భుజం, మణికట్టు, వేళ్ళు అన్నీ కలిస్తేనే ఒక అక్షరం పడుతుంది. వీటిలో ఏ ఒక్కటి సిద్ధంగా లేకపోయినా అక్షరం వంకర పోతుంది.

చేయి ఎప్పటికి సిద్ధమవుతుంది?

మన మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు ఇవి మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఒక్కొక్కటిగా ఎముకగా మారతాయి. చివరి ఎముక ఎక్స్‌రేలో కనబడేది సుమారు 8 నుండి 12 ఏళ్ళ మధ్యనే. వేళ్ళ నేర్పు కూడా ఇలాగే మెల్లగా వస్తుంది. సాధారణంగా పిల్లలు 3 ఏళ్ళకు సున్నా, 4 ఏళ్ళకు కూడిక గుర్తు, 5 ఏళ్ళకు త్రిభుజం చూసి గీయగలుగుతారు. ఏటవాలు గీత ఇంకా కుదరని బిడ్డ చేత మెలికలు తిరిగే కలిపిరాత రాయిస్తే, పెన్సిల్‌ను గట్టిగా బిగించి పట్టుకుంటుంది. దానితో చేయి నొప్పి, ఆ తర్వాత రాత అంటేనే భయం మొదలవుతాయి.

మన పిల్లలకు ఇంకో బరువు కూడా ఉంది. తెలుగు అక్షరాలు గుండ్రంగా, విడివిడిగా ఉంటాయి. హిందీకి పైన గీత ఉంటుంది. ఇంగ్లీషులో ముందు విడి అక్షరాలు, తర్వాత కలిపిరాత. ఒకే చిన్న చేయి ఇన్ని రకాల కదలికలు నేర్చుకోవాలి.

కర్సివ్ రాకపోతే చదువు రాదా?

వస్తుంది. ఫిన్లాండ్ 2016లో బడుల్లో కలిపిరాతను తప్పనిసరి పాఠంగా తీసేసింది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024 నుండి 1 నుండి 6 తరగతులకు దాన్ని మళ్ళీ తప్పనిసరి చేసింది. ఒకచోట వదిలేశారు, ఇంకోచోట తిరిగి తెచ్చుకున్నారు. కనుక యూకేజీలో కర్సివ్ రాలేదని బెంగపడనక్కరలేదు. అలాగని అది పనికిరాదనీ కాదు. కర్సివ్‌లో బి, డి అక్షరాలు వేర్వేరుగా మొదలవుతాయి కనుక, వాటి దగ్గర తికమకపడే కొందరు పిల్లలకు అది మేలు చేస్తుంది.

ఇంట్లో మీరు చేయగలిగినవి

1. పెన్సిల్ కంటే ముందు వేళ్ళకు పని ఇవ్వండి. చపాతీ పిండి పిసకడం, బఠాణీలు వలవడం, పూలు గుచ్చడం, బట్టల క్లిప్పులు పెట్టడం, అచ్చనగాయలు, వామనగుంటలు ఆడడం మంచివి. రెండు వేళ్ళ మధ్య నుండి పిండి వదులుతూ ముగ్గు వేయడం చక్కని వ్యాయామం.

2. పాదాలు నేలకు ఆనాలి. కుర్చీ ఎత్తుగా ఉంటే కాళ్ళ కింద పీట వేయండి. మంచం మీద బోర్లా పడుకుని రాయనివ్వకండి.

3. కుడిచేతితో రాసేవారు పుస్తకాన్ని కొద్దిగా ఎడమ వైపుకు, ఎడమచేతితో రాసేవారు కుడి వైపుకు వంచి పెట్టుకోవాలి. ఎడమచేతి వాటం జబ్బు కాదు. చేయి మార్చమని బలవంతం చేయకండి.

4. ఒకే తీరుగా మొదలయ్యే అక్షరాలు కలిపి నేర్పండి. సి వచ్చాక ఏ, డి, జి, ఓ సులువవుతాయి.

5. రోజుకు పది నిమిషాలు చాలు. పేజీలో అన్నిటికంటే బాగా వచ్చిన అక్షరం ఏదో బిడ్డనే చూపించమనండి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

పుస్తకం మరీ దగ్గరగా పెట్టుకున్నా, తల ఒక పక్కకు వంచి రాసినా ముందు కంటి పరీక్ష చేయించండి.

7 ఏళ్ళు దాటాక కూడా అక్షరాలు తిరగేసి రాస్తుంటే, నోటితో చక్కగా చెప్పే జవాబు కాగితం మీద పెట్టలేకపోతుంటే, అది డిస్‌గ్రాఫియా అనే రాత సమస్య కావచ్చు. 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' సినిమాలో ఇలాంటి ఇబ్బంది ఉన్న బాబునే మనం చూశాం. తెలివితేటలకూ దీనికీ సంబంధం లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 దీన్ని గుర్తించింది. ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి సౌకర్యాలు అడగవచ్చు.

ఒక్క విషయం మాత్రం అసలు నిర్లక్ష్యం చేయకండి. నిన్నటిదాకా బాగా రాసిన బిడ్డ రాత కొన్ని రోజుల్లో, వారాల్లో చెడిపోతే, చేతిలోని వస్తువులు జారిపోతుంటే, ముఖం, చేతులు వాటంతటవే కదులుతుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. గొంతు నొప్పి తగ్గిన కొన్ని వారాలకో, నెలలకో వచ్చే రుమాటిక్ జ్వరంలో ఈ లక్షణాలు కనబడవచ్చు. 5 నుండి 15 ఏళ్ళ పిల్లల్లో ఇది ఎక్కువ. ఇది గుండె కవాటాలను దెబ్బతీయగలదు. త్వరగా గుర్తించి, డాక్టరు చెప్పినన్నాళ్ళు పెన్సిలిన్ ఇంజెక్షన్లు మానకుండా వేయిస్తే గుండెను కాపాడుకోవచ్చు. అటువంటి బిడ్డను "కావాలనే చేస్తున్నాడు" అని కొడితే ఎంత అన్యాయమో ఆలోచించండి.

బడిలో పిల్లలను కొట్టడం, మనసు నొప్పించేలా వేధించడం విద్యా హక్కు చట్టం 2009 ప్రకారం నిషిద్ధం. ఇంట్లోనూ అదే పాటిద్దాం. ఈ రాత్రి హోంవర్క్ పుస్తకం తెరిచినప్పుడు, అక్షరాల కంటే ముందు ఆ చిన్న చేతిని మీ చేతిలోకి తీసుకుని, "నొప్పిగా ఉందా?" అని అడగండి.